చెరువు పూడిక తీయించడం ఎలా: కొలత, తవ్వకం, సరిచూసుకోవడం

ఉగాది దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా ఊరి చెరువులో పొక్లెయిన్ దింపుతున్నామండీ, ఎన్ని గంటలు పడుతుంది?" అని అడుగుతారు. "పూడిక ఎంత ఉందో కొలిచారా?" అని నేను అడుగుతాను. అటువైపు నుంచి కాసేపు మాట రాదు. ఏటా ఇదే సంభాషణ నడుస్తోంది కాబట్టి, ఈసారి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను విశాఖలో డ్రెడ్జర్ల (నీటి అడుగున మట్టి తవ్వే ఓడల) మీద చాలా ఏళ్లు పనిచేసి సొంత ఊరు చేరినవాణ్ని. 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది కాబట్టి మన వైపు వాళ్లకు డ్రెడ్జర్ అనే మాట కొత్త కాదు. 2023 ఏప్రిల్‌లో మూలపేట రేవుకు శంకుస్థాపన జరిగాక శ్రీకాకుళం జిల్లాలో టీ కొట్ల దగ్గర కూడా ఆ మాట వినిపిస్తోంది. ఓడరేవులో తవ్వినా ఊరి చెరువులో తవ్వినా పని వరస ఒకటే. తవ్వేముందు కొలవాలి, తవ్వాక అవే చోట్ల మళ్లీ కొలవాలి, ఆ రెండు కొలతల తేడాకే డబ్బు కట్టాలి. రేవుల్లో ఈ పద్ధతి తప్పితే బిల్లు పాస్ కాదు. ఊళ్లలో మాత్రం గంటల లెక్కన, ట్రిప్పుల లెక్కన డబ్బు ఇచ్చేసి, వానలు పడ్డాక చెరువు వైపు చూసి తల గోక్కుంటాం.

కింద రాసినది పది ఎకరాల లోపు చిన్న చెరువులకు, బందలకు (నీటి గుంటలకు) సరిపోతుంది. అంతకంటే పెద్ద చెరువైతే ఇంజనీరు లేకుండా చేయి పెట్టకండి.

కావలసినవి

కొత్తగా కొనవలసినవి పెద్దగా లేవు. సగం సామాను తాపీమేస్త్రి దగ్గరే దొరుకుతుంది.

- 12 మిల్లీమీటర్ల ఇనుప ఊచ, మూడు మీటర్ల పొడవుది. పది సెంటీమీటర్లకొక రంగు గీత వేయండి.
- ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు ముక్క, రెండు మీటర్లు. అడుగు మట్టి నమూనా తీయడానికి.
- రెండు చోట్ల మట్టం పోల్చడానికి తాపీమేస్త్రి వాడే నీటి ట్యూబు, లేదా అద్దెకు ఆటో లెవెల్ పరికరం.
- వెదురు మేకులు, నైలాను తాడు, సున్నం, టేపు.
- గళ్ల నోటుపుస్తకం. ఫోనులో ఫొటోలు తీయండి, కానీ లెక్క మాత్రం కాగితం మీదే రాయండి.
- చెరువులో నీళ్లుంటే: వెదురు గెడ, దాని అడుగున బిగించడానికి పాత స్టీలు కంచం, తెప్ప లేదా చిన్న పడవ, ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్.

1. చెరువు ఎవరిదో, హద్దు ఎక్కడో తేల్చుకోండి

చెరువు పంచాయతీదా, జలవనరుల శాఖదా అన్నది ముందు తెలుసుకోండి. అనుమతి కాగితం ఆ కార్యాలయం నుంచే తీసుకోవాలి. నీటి వినియోగదారుల సంఘం ఉంటే దాని తీర్మానం కూడా జతచేయండి. మండల సర్వేయరుతో హద్దులు కొలిపించండి. చెరువు గర్భంలో ఎవరైనా వరి నాటుకుంటుంటే తగవు ఇక్కడే తేలాలి. పొక్లెయిన్ వచ్చి నిలబడ్డాక మొదలైన తగవుకు గంటకింత అద్దె నడుస్తుంది.

ఉపాధి హామీ, ఇతర ప్రభుత్వ పథకాల కింద జరిగే ఊరి చెరువుల పూడికతీతకు పర్యావరణ అనుమతి అవసరం లేదని 2016 జనవరిలో కేంద్రం ప్రకటించింది. దీన్ని పట్టుకుని కొందరు మట్టి అమ్ముకోవచ్చని అనుకుంటారు. అది పొరపాటు. మట్టి అమ్మకం వేరే వ్యవహారం, దానికి గనుల శాఖ అనుమతి కావాలి. రాతపూర్వకంగా తేలనిదే ఒక్క లారీ కూడా బయటికి పంపకండి.

2. కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి

ఎత్తులు కొలవాలంటే ఎప్పటికీ మారని ఒక చోటు కావాలి. తూము గడపరాయిని మించినది లేదు (పొలాలకు నీరు వదిలే దారి తూము, మన వైపు కొన్ని ఊళ్లలో మదుము అంటారు). తూము శిథిలమైపోయి ఉంటే అలుగు (చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే చోటు) రాయి పైభాగం పట్టుకోండి. ఆ రాయి మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీసి, దాన్ని సున్నా అనుకోండి. ఇకపై అన్ని ఎత్తులూ దానికి ఎంత పైన, ఎంత కింద అనే లెక్కలోనే రాయండి.

తూము గడపకూ అలుగు పైభాగానికీ మధ్య ఎత్తు తేడా ముందే కొలిచి రాసుకోండి. పొలాలకు వాలుగా పారే నీళ్లు ఆ రెంటి మధ్య నిలిచినవే. గడప కంటే కింద ఎంత లోతు తవ్వినా ఆ నీరు తూములోంచి బయటికి రాదు. పశువులకు, చేపలకు, భూగర్భ జలానికి పనికొస్తుంది కానీ మోటారు పెడితే తప్ప పొలానికి ఎక్కదు. ఈ సంగతి రైతులకు ముందే చెప్పండి. "ఇంత తవ్వించాం, నీళ్లేవి?" అనే ప్రశ్న సగం ఇక్కడి నుంచే పుడుతుంది.

నీటి ట్యూబు వాడుతుంటే లోపల గాలి బుడగ లేకుండా చూసుకోండి. బుడగ ఉంటే లెవెల్ తప్పుతుంది. ఎండలో పడేసిన ట్యూబును నీడలో కాసేపు ఉంచాకే వాడండి.

3. పూడిక మందం కొలవండి

అసలు పని ఇదే. దీనికి ఒక రోజు కేటాయించండి, తొందర వద్దు.

చెరువు గర్భంలో 20 మీటర్లకొక మేకు చొప్పున అడ్డంగా, నిలువుగా వరసలు వేయండి. ఐదెకరాల చెరువుకు సుమారు 50 మేకులు పడతాయి. మేకులకు వరస సంఖ్యలు రాయండి. ప్రతి మేకు దగ్గరా ముందు నేల మట్టం తీసుకోండి. తరవాత ఊచను నిటారుగా నిలబెట్టి రెండు చేతులతో నొక్కండి. మెత్తని పూడికలో అది వెన్నలో దిగినట్టు దిగుతుంది. పాత అడుగు తగిలిన చోట ఆగుతుంది, లేదా గరగరమని చేతికి తెలుస్తుంది. గీతలు లెక్కపెట్టి మందం రాసుకోండి. సుత్తితో కొట్టకండి. కొడితే ఊచ పాత అడుగులోకి కూడా దిగిపోయి పూడిక ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది.

పూడిక ఎండి గట్టిపడిన చెరువుల్లో ఊచను నమ్మవద్దు. ఐదారు చోట్ల జీఐ పైపును దిగగొట్టి పైకి తీయండి. లోపలి మట్టిని కర్రతో తోసి ఒక పట్టా మీద వరసగా పరచండి. పైన నల్లగా, మెత్తగా, ఆకుల కుళ్లు వాసనతో ఉన్నది పూడిక. దాని కింద పసుపు లేదా బూడిద రంగు బంకమన్ను వస్తుంది. అది పాత అడుగు. ఆ రంగు మారే చోట వేలు పెట్టి కొలవండి. ఆ నమూనాలను కవర్లలో వేసి మేకు సంఖ్య రాసి దాచండి, తరవాత పనికొస్తాయి.

ఆ బంకమన్ను పొర గురించి ఒక మాట. చెరువులో నీళ్లు నిలబడుతున్నాయంటే అది ఆ పొర పుణ్యమే. విజయనగరం జిల్లాలో, చంపావతి నదికి దగ్గరలో ఒక ఊరి చెరువు నా సలహా మీదే తవ్వారు. "ఇంకొక అడుగు వేద్దామండీ, మళ్లీ మళ్లీ మిషను రాదు" అని పెద్దలు అడిగితే సరే అన్నాను. ఆ అడుగు కింద ఇసుక పొర ఉంది. ఆ ఏడు వానలకు చెరువు నిండింది, అలుగు కూడా పారింది. ఊరంతా సంబరపడింది. సంక్రాంతి నాటికి చెరువులో చుక్క లేదు. ఆ తప్పు పూర్తిగా నాది. పైపు నమూనా ఒక్కటి తీసి చూసినా అది తెలిసేది. మరుసటి వేసవిలో బంకమన్ను తెచ్చి పరిచి, రోలరుతో తొక్కించి సరిచేసేసరికి తవ్వకానికి అయినంత ఖర్చు అయింది.

కాబట్టి పాత అడుగుకు పది సెంటీమీటర్ల పైనే ఆగండి. రేవుల్లో యంత్రం ఇంత లోతు అని ఖచ్చితంగా ఆగలేదు కాబట్టి కొంత అదనపు తవ్వకానికి ఒప్పందంలోనే చోటిస్తారు. చెరువులో ఆ వెసులుబాటు పైకే ఇవ్వాలి, కిందికి కాదు.

*నీళ్లున్న చెరువైతే:* గెడ అడుగున కంచం బిగించి పడవలోంచి మెల్లగా దించండి. కంచం పూడిక మీద ఆగిపోతుంది. అక్కడి లోతు రాసుకోండి. అదే చోట ఉత్త ఊచ దించి నొక్కండి, అది పూడికను దాటి పాత అడుగుకు తగులుతుంది. రెండు లోతుల తేడా పూడిక మందం. రేవుల్లో సర్వే పడవలు రెండు రకాల శబ్ద తరంగాలు పంపి చేసేదీ ఇదే. ఎక్కువ పౌనఃపున్యపు తరంగం మెత్తని బురద పైపొర దగ్గరే తిరిగి వస్తుంది, తక్కువ పౌనఃపున్యపు తరంగం బురదను దాటి గట్టి నేల దాకా వెళ్తుంది. లక్షలు పోసి కొనే పరికరం చేసే పనిని మన కంచం, ఊచ కలిసి చేస్తాయి. భావనపాడు, కళింగపట్నం వైపు మరపడవల వాళ్ల దగ్గర చేపల జాడ చూపే పరికరం ఉంటే అడిగి తెచ్చుకోవచ్చు. లోతైన చోట నీటి లోతు చక్కగా చూపిస్తుంది, పూడిక మందం కోసం మాత్రం ఊచ పట్టుకోక తప్పదు.

4. లెక్క కట్టండి

ఐదెకరాల చెరువు, సగటున 60 సెంటీమీటర్ల తవ్వకం అనుకుందాం.

ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. 5 × 4,047 × 0.6 = 12,141 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది. పూడిక మట్టికి నేను పాతిక శాతం కలుపుతాను, అంటే సుమారు 15,200 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రక్కులో మూడు ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే ఐదు వేల పైచిలుకు ట్రిప్పులు. పది ట్రాక్టర్లు రోజుకు పన్నెండేసి ట్రిప్పులు తిరిగితే 42 రోజులు. ఏప్రిల్ మూడో వారంలో మొదలుపెడితే జూన్ మొదటి వారానికి గాని పూర్తికాదు. ఆ సరికి వానలు నెత్తి మీదికి వస్తాయి. లెక్క ఇలా వస్తే చెరువును రెండు భాగాలు చేసి, రెండేళ్లలో తవ్వండి. సగం చెరువు బాగా తవ్వడం, మొత్తం చెరువును కెలికి వదిలేయడం కంటే ఎన్నో రెట్లు నయం.

ఇప్పుడు అందరూ దాటవేసే లెక్క. 12,141 ఘనపు మీటర్లంటే కోటీ ఇరవై ఒక్క లక్షల లీటర్లు. వినడానికి గొప్పగా ఉంది. వరి పంటకు మొత్తం 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే అది రెండున్నర ఎకరాలకు సరిపోతుంది, అంతే. అదే నీటిని ఎండిపోతున్న చేలకు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఒక్క తడి ఇస్తే, నష్టాలు తీసేయకముందు, 60 ఎకరాలకు వస్తుంది. పొట్టదశలో వాన మొండికేసినప్పుడు ఆ ఒక్క తడి విలువ రైతుకు తెలుసు. కొత్త ఆయకట్టు వస్తుందని ఎవరికీ మాట ఇవ్వకండి. ఉన్న పంట ఆగుతుందని చెప్పండి, అది నిజం.

5. తవ్వకూడని చోట్లకు ముందు ముగ్గు వేయండి

ముగ్గు అంటే నిజంగా ముగ్గే. సున్నం పోసి గీత గీయండి. డ్రైవరుకు నోటితో చెప్పిన హద్దు మధ్యాహ్నం భోజనం దాకా కూడా నిలవదు.

- గట్టు పాదం నుంచి పది మీటర్లు. గట్టు ఎత్తుగా ఉంటే ఇంకా ఎక్కువ. గట్టు మొదట్లో తవ్వితే నీరు నిండినప్పుడు, ముఖ్యంగా గబుక్కున తగ్గినప్పుడు, లోపలి వాలు జారిపోతుంది. అక్టోబరు తుపాన్లు మనకు కొత్తవి కావు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. చెరువు గట్టుకు అసలు పరీక్ష ఆ నెలలోనే.
- తూము ముందు, అలుగు ముందు కనీసం ఐదు మీటర్లు యంత్రం వద్దు. అక్కడ పార, తట్టలతో మనుషులే తీయాలి.
- గెడ్డ (వాగు) వచ్చి చెరువులో కలిసే చోట కొంత మేర. అక్కడి తుంగ, గడ్డి వచ్చే ఇసుకను పట్టి ఆపుతాయి. వాటిని పీకేస్తే వచ్చే ఏడాది పూడిక రెట్టింపు వేగంతో వస్తుంది.
- గట్టుకు ఎదుటివైపు లోతు తక్కువ ఉన్న అంచు ఒక పట్టీ. టెక్కలి దగ్గర తేలినీలాపురం వచ్చే ఎర్రకాళ్ల కొంగలు మోకాలి లోతు నీళ్లలో మేస్తాయి. నిలువు గోడలా తవ్విన చెరువులో వాటికి కాలు పెట్టే చోటు ఉండదు. చేపలు గుడ్లు పెట్టుకునేదీ ఇలాంటి అంచుల్లోనే.

6. మట్టి ఎక్కడికి పోవాలో నిర్ణయించండి

తవ్విన మట్టిని గట్టు లోపలి వాలు మీద పోయడం మన వాళ్లకు బాగా అలవాటైన తప్పు. మొదటి వానకే అది మళ్లీ చెరువులోకి జారుతుంది. రెండుసార్లు డబ్బు కట్టి ఒకే మట్టిని తవ్వించుకోవడం అంటే ఇదే. గెడ్డ ఒడ్డున పోయడం అంతకంటే పెద్ద తప్పు, పక్క ఊరి పొలాలు మునుగుతాయి.

పొలాలకు తోలేముందు నాలుగైదు చోట్ల మట్టి కలిపి అరకిలో నమూనా పరీక్షకు పంపండి. శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో, లేదా మీ మండల వ్యవసాయ అధికారి దగ్గర ఎక్కడికి పంపాలో అడగండి. ఉప్పు శాతం, ఉదజని సూచిక (పీహెచ్) తప్పక చూపించండి. నౌపడ ఉప్పు మడుల చుట్టుపక్కల, సముద్రపు పాయలకు ఆనుకుని ఉన్న చెరువుల్లో ఇది మరీ ముఖ్యం. ఉప్పు మట్టి పొలంలో పడితే మళ్లీ ఏరి తీయలేరు. ఊళ్ల మురుగు కలిసే చెరువుల మట్టిని కూరగాయల మళ్లకు వేయకండి, గట్టు బయటి వైపు బలానికి వాడండి.

ఎకరానికి ఒక అంగుళం మందం పరచాలంటే సుమారు 34 ట్రాక్టర్లు పడతాయి. ఎర్ర గరప నేలలకు అంతకంటే కొంచెం ఎక్కువ వేసినా ఫరవాలేదు. ఇప్పటికే బరువు నేల అయితే తోలించుకోవడం దండగ.

7. నీరు దించి, ఆరనివ్వండి

తూము తెరిచి నీరు దించాక గర్భంలో బాగా పల్లంగా ఉన్న చోటికి పిల్ల కాలువలు తీయండి. అక్కడి నుంచి ఇంజనుతో తోడండి. పూడిక మీద అరచేయి పట్టేంత నెర్రెలు వచ్చే దాకా యంత్రం దించకండి. మడమతో గట్టిగా తొక్కితే అడుగు జాడ రెండు అంగుళాల కంటే దిగకూడదు. తొందరపడి దించిన పొక్లెయిన్ దిగబడితే దాన్ని తీయడానికి ఇంకొకటి, ఆ రెండో దానికి మూడోది తెప్పించిన ఊరు నాకు తెలుసు.

నీరు తగ్గుతున్నప్పుడే చేపల సంగతి తేల్చండి. కొర్రమీనుల కోసం పిల్లలు బురదలో దిగుతారు. యంత్రం వచ్చాక కూడా దిగుతూనే ఉంటారు. వేలమో, పంపకమో ముందే పూర్తిచేస్తే ఆ గొడవ ఉండదు.

8. పొరలుగా తవ్వండి

ఒక మూల గుంత తీసి అక్కడి నుంచి విస్తరించడం డ్రైవరుకు తేలిక, చెరువుకు చెరుపు. 30 సెంటీమీటర్ల పొర ఒక వరస మొత్తం తీసి, అప్పుడు రెండో పొరకు వెళ్లండి. వాలు అలుగు వైపు నుంచి తూము వైపు ఉండాలి. అంచులు నిటారుగా వదలకండి. ఒకటికి మూడు వాలు పెట్టండి, అంటే మీటరు లోతుకు మూడు మీటర్ల ఏటవాలు.

ప్రతి రెండో మేకు దగ్గరా మీటరు వెడల్పున మట్టి దిమ్మె వదిలేయండి. పాత నేల మట్టానికి అదే సాక్షి. దిమ్మె నెత్తిన పాత ఎండు గడ్డి, నెర్రె అలాగే ఉన్నాయో లేదో రోజూ చూడండి. రాత్రికి రాత్రి దిమ్మె మీద రెండు తట్టల మట్టి వేసి చదును చేస్తే లోతు పెరిగినట్టు కనిపిస్తుంది. గడ్డి లేని నున్నటి దిమ్మె కనిపిస్తే మూడో అంచెలో రాసుకున్న మట్టంతో పోల్చండి. లెవెల్ పుస్తకం ముందు ఆ ఎత్తుగడ నిలవదు.

ఇప్పటి డ్రెడ్జర్లలో బకెట్ కొన నీటి కింద ఎంత లోతులో ఉందో ఉపగ్రహ సంకేతాల సాయంతో ఆపరేటరు ముందు తెర మీద సెంటీమీటర్లలో కనిపిస్తుంది. మన పొక్లెయిన్‌కు ఆ తెర ఉండదు. దాని బదులు పొడవాటి కర్ర ఒకటి చెక్కి, గంటకొకసారి నీటి ట్యూబుతో అడుగు మట్టం చూసే మనిషిని పెట్టండి. ఆ మనిషి కూలి ఒక ట్రాక్టరు రోజు అద్దెలో చిన్న ముక్క.

9. మనుషుల ప్రాణాలు

డ్రెడ్జర్ మీద ప్రతి షిఫ్టు మొదట్లో పది నిమిషాలు అందరినీ నిలబెట్టి ఆ రోజు పని ఏమిటి, ప్రమాదం ఎక్కడ అన్నది మాట్లాడతారు. మొదట్లో నాకు అది కాలయాపన అనిపించేది. తరవాత ఎందుకో అర్థమైంది. మీరూ పొద్దున టీ తాగేటప్పుడు అదే చేయండి. చెప్పవలసినవి ఇవి:

పొక్లెయిన్ తిరిగే వలయంలో ఎవరూ నిలబడకూడదు. దాని వెనుక భాగం తిరిగేటప్పుడు డ్రైవరుకు కనిపించదు. వలయానికి తాడు కట్టండి.

టిప్పరు తొట్టి ఎత్తే చోట పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. 11 కేవీ తీగకు తొట్టి తగలనక్కర లేదు, బాగా దగ్గరికి వెళ్లినా చాలు. దిబ్బ వేసే చోటు తీగలకు దూరంగా పెట్టుకోవడమే దీనికి మందు.

పాత తూము బావిలోకి నేరుగా దిగకండి. ఏళ్ల తరబడి కుళ్లిన ఆకు, బురద ఉన్న చోట విషవాయువు నిలుస్తుంది, ప్రాణవాయువు ఉండదు. దిగినవాడు పడిపోతే తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. మూత తీసి ఒక రోజు వదిలి, బ్లోయరుతో గాలి కొట్టి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు ఉంటేనే దిగాలి. దీపం పెట్టి చూస్తే చాలు అని పెద్దవాళ్లు అంటారు. ఆరని దీపం విషవాయువు లేదని చెప్పలేదు, దాన్ని నమ్ముకోవద్దు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో వాయవ్యం వైపు మబ్బు పట్టి ఉరుము వినిపిస్తే పని ఆపి అందరినీ పక్కా ఇంట్లోకి పంపండి. ఖాళీ చెరువు మధ్యలో మనిషే ఎత్తైన వస్తువు. గట్టు మీది తాటిచెట్టు కింద నిలబడటం ఇంకా ప్రమాదం.

కూలీల పని తెల్లవారుజామున మొదలై పది గంటలకు ఆగాలి. తాగునీరు పని చోటికే రావాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు పనులు చేయించేవాళ్లకు నీళ్ల సంగతి నేను వేరుగా చెప్పనక్కర లేదు.

పని ముగిశాక వదిలేసిన గుంతల గురించి. వాన పడ్డాక చెరువు పైకి ఒక్కలాగే కనిపిస్తుంది. మొలలోతు ఉంటుందని దిగిన పిల్లవాడి కాలి కింద రెండు నిలువుల గొయ్యి ఉంటుంది. నిటారు అంచు కాబట్టి పట్టు దొరకదు. ఆఖరి రోజున యంత్రాన్ని పంపేముందు చెరువంతా నడిచి, ప్రతి గొయ్యి అంచునూ వాలు చేయించండి. స్నానాల రేవు వైపు, పశువులు దిగే వైపు లోతు మొదలయ్యే చోట ఎర్ర గుడ్డ కట్టిన గెడలు పాతండి.

10. ఎండని చెరువైతే

ఊట ఉన్న చెరువులకు, తాగునీటి చెరువులకు చిన్న తేలియాడే డ్రెడ్జర్ పనికొస్తుంది. అడుగున తిరిగే కత్తెర బురదను కదిలిస్తుంది, పంపు దాన్ని నీటితో కలిపి పైపులో ఒడ్డుకు తోస్తుంది. ఇక్కడ అసలు చిక్కు యంత్రం కాదు. ఒడ్డుకు వచ్చేదానిలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి అది పేరుకోవడానికి మడులు కావాలి. కనీసం రెండు మడులు వరసగా కట్టండి. మొదటిదానిలో బరువు మట్టి దిగాలి, రెండోదానిలో తేట నీరు పైకి రావాలి. ఆ తేట నీరే చెరువులోకి తిరిగి వెళ్లాలి. స్థలం లేకపోతే జియో టెక్స్‌టైల్ గుడ్డ గొట్టాల్లో బురద నింపితే నీరు గుడ్డలోంచి కారి మట్టి లోపల ఉండిపోతుంది. ఖర్చు ఎక్కువ.

తవ్వే చోటి చుట్టూ, నీటి పైనుంచి కిందికి వేలాడే తెర కట్టాలి. రేవుల్లో ఇది మామూలు. బురద నీరు చెరువంతా పాకితే చేపలకు ఊపిరాడదు. తేట ఎంత ఉందో చూడటానికి తెల్ల రంగు వేసిన కంచానికి తాడు కట్టి దించండి. ఎంత లోతున కనిపించకుండా పోతుందో రాసుకోండి. తెరకు బయట ఆ లోతు, పని మొదలుకాకముందు ఉన్నదానిలో సగానికి పడిపోతే పని ఆపి నీరు తేరుకోనివ్వండి. తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకి పెట్టి తేలుతుంటే కంచం దాకా కూడా వద్దు, వెంటనే ఆపండి.

కత్తెరకు గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకుంటాయి. ఇంజను ఆపి, తాళం చేవి తీసి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టాలి. కరెంటు పంపు అయితే 30 మిల్లీ యాంపియర్ల లీకేజి బ్రేకర్ లేకుండా నీటి దగ్గరికి తేవద్దు.

11. సరిచూసుకోండి

డబ్బు ఇచ్చేముందు అదే వరసలో, అవే మేకుల దగ్గర మళ్లీ మట్టం తీయండి. గళ్ల కాగితం మీద పాత అంకె పక్కన కొత్త అంకె రాయండి. ఏ మేకు దగ్గరైనా తేడా అనుకున్నదానికంటే పది సెంటీమీటర్లు దాటి ఉంటే ఆ చోటికి వెళ్లి చూడండి. తక్కువ తవ్వి ఉంటే సరిచేయిస్తారు. ఎక్కువ తవ్వి ఉంటే పైపు నమూనా తీసి అడుగున బంకమన్ను మిగిలిందో లేదో చూసుకోండి. లేకపోతే వాన రాకముందే బంకమన్ను నింపి తొక్కించండి. ట్రిప్పుల పుస్తకాన్ని కూడా దగ్గర పెట్టుకుని పోల్చండి. పాతిక శాతం ఉబ్బు తీసేశాక రెండు లెక్కలకూ పదో వంతు దాకా తేడా వస్తే మామూలే. అంతకు మించితే ఏదో ఒక పుస్తకం అబద్ధం చెబుతోంది, సాధారణంగా అది ట్రిప్పుల పుస్తకమే.

చివరి పరీక్ష వాన పెడుతుంది. అలుగు పక్కన ఒక రాతి స్తంభానికి పది సెంటీమీటర్లకొక గీత వేయండి. చెరువు నిండి, గెడ్డ ఆగి, తూము మూసి ఉన్న వారంలో రోజూ ఒకే వేళకు మట్టం రాయండి. పక్కనే గట్టు మీద నీళ్లు నింపిన పెద్ద సిమెంటు తొట్టి పెట్టి అందులోనూ తగ్గుదల కొలవండి, అది ఎండకు ఆవిరయ్యే నీరు. చెరువు తొట్టితో సమానంగా, లేదా కొంచెం ఎక్కువగా తగ్గితే పని బాగున్నట్టు. రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు అదనంగా దిగుతుంటే గట్టు బయటి పాదం వెంట నడిచి చెమ్మ చూడండి. చెమ్మలోంచి వచ్చే నీరు తేటగా ఉంటే ఒక రాయి పెట్టి గుర్తు ఉంచుకోండి. మట్టి రంగులో వస్తుంటే ఆ రాత్రే జలవనరుల శాఖ వాళ్లకు ఫోను చేయండి, తెల్లారేదాకా ఆగకండి.